బదులు పలికే ఏడుపు

మా చోడవరంలో శవాన్ని ఉంచే ఐస్ బాక్స్ ఒకటే ఉండేది. చుట్టూ ఉన్న పల్లెలన్నిటికీ కలిపి కూడా అదొక్కటే. ఒకే రోజు రెండిళ్ళలో చావు జరిగిందంటే రెండో ఇంటివాళ్ళు ఐసు దిమ్మలూ, ఊకా తెచ్చుకుని, హైదరాబాదు నుంచో చెన్నై నుంచో రావలసినవాళ్ళ కోసం వీధి వైపు చూస్తూ కూర్చోవలసిందే. ఇంకో పెట్టె కొనితీరాలని మా వీధి చివర మందుల షాపాయన పట్టుపట్టాడు. ఆయనా, బజారులో మరికొందరూ కలిసి ఉన్న ఆ ఒక్క పెట్టెని ఉచితంగా నడుపుతున్నారు. చందాలకి వెళితే జనం మొహం చాటేస్తున్నారట. అందుకని ఒక సాయంత్రం కల్యాణ మండపంలో టికెట్టు పెట్టి ఉపన్యాసాలు ఇప్పిద్దామని ఆలోచన చేశాడు.

నాకు నవ్వొచ్చింది. టికెట్టు కొనుక్కుని ఉపన్యాసం వినేవాడు చోడవరంలో ఇంకా పుట్టలేదండీ అన్నాను.

"మామూలు ఉపన్యాసాలు కావు టీచరుగారూ. సరిత్రే. గానీ రాజులూ, కోటలూ వద్దు. ఎవరూ పుస్తకంలో రాయనివి సెప్పాల. ఇన్నవాడు ఇదేటిరా బాబూ అనుకోవాల" అన్నాడు.

అప్పటికే ఇద్దరిని పట్టుకున్నాడు. ఒకాయన రిటైరైన బస్సు కండక్టరు. బస్సు టాపు మీద ఏమేం ప్రయాణం చేశాయో చెప్తాడట. రెండో ఆయన పూర్వం పెళ్ళిళ్ళకి పెట్రోమాక్స్ లైట్లు అద్దెకిచ్చినవాడు. మూడో మనిషి కోసం నా దగ్గరికొచ్చాడు. హైస్కూల్లో ఏళ్ళ తరబడి సోషల్ చెప్పినదాన్ని కదా, నాకు చరిత్ర వచ్చునని ఆయన నమ్మకం. మీరు దేని గురించి చెప్తారని అడిగాడు.

"ఏడుపు గురించి" అన్నాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఐస్ బాక్స్ కోసవే కదండీ, సరిపోద్ది లెండి" అన్నాడు.

నేను ఆ మాట నోటికొచ్చినట్టు అనలేదు. అప్పటికి చాలా కాలంగా నా తల నిండా అదే ఉంది. కారణం మా అప్ప, నా సొంత అక్క.

మా వైపు చావింట్లో ఆడవాళ్ళు ఊరికే ఏడవరు. రాగం తీసి ఏడుస్తారు. శోకం పెట్టడం అంటాం. పోయినవాళ్ళ పుట్టుక దగ్గర మొదలుపెట్టి, వాళ్ళు తిన్నవీ తినకుండా పోయినవీ, పడ్డ కష్టాలూ, ఎవరెవరు వాళ్ళని ఏడిపించారో అదీ, అన్నీ ఆ రాగంలో వస్తాయి. తిట్టవలసినవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని తిట్టెయ్యడం కూడా అందులోనే. ఒకామె ఒక వరస అని ఆగుతుంది. అక్కడ ఇంకొకామె ఆమె మెడ చుట్టూ చేతులేసి బదులు పలకాలి. అప్పుడే మొదటామె రెండో వరస అందుకుంటుంది. బదులు రాకపోతే శోకం అక్కడితో ఆగిపోతుంది. ఏడ్చేదాన్ని ఒక్కర్తినీ ఏడవనివ్వడం మా పల్లెల్లో లేదు. పోయింది పగవాడైనా సరే, అటుగా వెళుతున్న ఆడది ఆగి, బదులు పలికి, అప్పుడు తన దారిన వెళుతుంది.

మా అప్పని కె.కోటపాడు దగ్గర పల్లెలో ఇచ్చారు. కాస్త చెరకూ, కాస్త వరీ, ఒక గేదె. ఆమె శోకం పెడితే మగవాళ్ళు కూడా లేచి అవతలికి పోయేవారు, కళ్ళు తుడుచుకోవడం ఎవరూ చూడకూడదని. పొరుగూళ్ళ వాళ్ళు కూడా ఆమె కోసం కబురు పెట్టేవారు. ఎవరి ఇంటి సంగతైనా ఆమెకి తెలుసు. ఎవరి తాత ఏ తుపానులో పోయాడో, ఎవరి ముత్తాత రంగం, అంటే బర్మా, వెళ్ళి తిరిగి రాలేదో ఆ వరసల్లోనే నేను మొదటిసారి విన్నాను. నేను బడిలో పిల్లలకి చెప్పిన పాఠంలో అదేదీ లేదు. నాకు మాత్రం ఆ విద్య పట్టుబడలేదు. చదువుకునే పిల్లనని నన్ను చావు జరిగిన ఇళ్ళకి పంపేవారు కాదు. ఎప్పుడు ఎవరు పోయినా నాకు పరీక్షలే ఉండేవి.

అప్పకి ఒక్కతే కూతురు. ఆ గుంట బడిలో చేరకముందే బావ పోయాడు. అప్ప చెరకు తోటలో కూలికి కూడా వెళ్ళి ఆ పిల్లని నర్సింగు చదివించింది. విశాఖలో ఆసుపత్రిలో ఉద్యోగమొచ్చింది. కరోనా రెండోసారి వచ్చినప్పుడు డ్యూటీలో ఉండగానే పట్టుకుంది, వారం తిరక్కుండా పోయింది. ఇంటికి తేలేదు. అప్పట్లో ఎవరినీ తేనివ్వలేదు కదా. అక్కడే, దూరంగా నిలబెట్టి, చుట్టేసిన మూటని చూపించి ఇదే నీ కూతురన్నారు. అప్పకి పిల్ల మొహం చూడడం కుదరలేదు. నేనూ అదే జబ్బుతో గదిలో పడి ఉన్నాను, మంచినీళ్ళ గ్లాసు ఎత్తడానికి కూడా చేతుల్లో బలం లేదు.

ఆ సాయంత్రం ఏం జరిగిందో తరవాత ఎదురింటామె నాకు చెప్పింది. సగం చావుల్లో అప్పకి బదులు పలికింది ఆమే. అప్ప విశాఖ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, వీధరుగు మీద కూర్చుందట. వీధిలో ఒక్క పురుగు లేదు. అందరూ తమ తమ గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. అప్ప ఒక్క వరస ఎత్తింది. ఎత్తి, ఆగవలసిన చోట ఆగింది.

"నా నోరు తెరుసుకుంది టీచరమ్మా. మాట నాలిక మీదకొచ్చీసింది. మావోడు రెక్క పట్టుకుని లోపలికి లాగీసి తలుపేసీసేడు. ఆడి తప్పు కాదు, సంటిపిల్లున్నాది ఇంట్లో. తలుపు సందులోంచి సూసేను. మీ అప్ప అలా సూస్తనే ఉన్నాది. ఆ మీదట లేసి గేదికి కుడితెట్టడానికెల్లిపోనాది" అంది ఎదురింటామె.

జబ్బులు సర్దుకున్నాక అందరం వెళ్ళాం. ఆడవాళ్ళం చుట్టూ కూర్చున్నాం. ఎదురింటామె మెడ పట్టుకోబోతే అప్ప ఆమె చేతులు మెల్లగా తీసేసింది. "ఇప్పుడేటే. ఎప్పుడో అయిపోనాది. దీపం ఎట్టుకున్న ఇంట్లో మల్లా ఏడుపెత్తకూడదు" అంది. చావు మైల తీరి దీపం పెట్టాక శోకం ఎత్తకూడదు, అదీ మా వైపు కట్టుబాటే. ఆమె దాన్ని పట్టుకుని కూర్చుంది. కూతురి మాట ఎత్తడం మానేసింది. ఏ చావింటికీ వెళ్ళడం మానేసింది. నిలబడే అన్నం తినేది, ఎవరో తరుముతున్నట్టు. అనకాపల్లిలో డాక్టరుకి చూపించాను. ఏ జబ్బూ లేదని బలానికి మాత్రలు రాశాడు. ఏ జబ్బూ లేని మనిషి ఏడాది తిరిగేసరికి సగమైపోయింది.

నేను దేవుణ్ణి పెద్దగా ఏమీ అడిగే మనిషిని కాను. ఆ రోజుల్లో ఒక్కటే అడిగాను, మా అప్ప ఒక్కసారి నోరారా ఏడవాలని.

ఉపన్యాసం వంకతో ఆమె దగ్గరికి వెళ్ళాను. పాత వరసలు చెప్పమని ఫోను ముందు పెట్టాను. ఫోను కట్టేయించింది. మాటలు చెప్తాను గానీ రాగం తియ్యనంది. గోంగూర తుంచుకుంటూ, సంతలో ధరలు చెప్పినట్టు చెప్పింది. మా ముత్తవ్వ తమ్ముడు రంగంలో కూలికి పోయి, యుద్ధం రోజుల్లో నడిచి బయల్దేరి, దారిలోనే ఏమైపోయాడో తెలియనప్పుడు ముత్తవ్వ పెట్టిన శోకం అది. నేను పెన్నుతో రాసుకున్నాను. రాస్తూ రాస్తూ, "నువ్వు కూడా రా అప్పా, ముందు కుర్చీలో కూచుందువుగాని" అన్నాను.

"శవం లేకండా శోకమేటే? జనం నవ్వరేటి?"

"నవ్వనీ."

"శవాలు పెట్టుకునీ పెట్టె కోసం అంటన్నావు, మంచిదేలే" అని ఒప్పుకుంది.

చెరకు ఆడే రోజులు. సాయంత్రం రోడ్డంతా చెరకు ట్రాక్టర్లే, ఆటో కదలదు. అయినా మండపం నిండింది. నా మాట తప్పయినందుకు మందుల షాపాయన గుమ్మం దగ్గర నన్ను చూసి కళ్ళెగరేశాడు. అప్ప ఉతికిన నేత చీర కట్టుకుని, చేతిలో గుడ్డసంచితో వచ్చి ముందు వరసలో చివరి కుర్చీలో కూర్చుంది.

కండక్టరుగారు అదరగొట్టాడు. మేకలూ, బెల్లం దిమ్మలూ, కొబ్బరి మొక్కలూ, పెళ్ళికూతురి పందిరిమంచం, ఒకసారి ఊరేగింపుకి ఆలస్యమైపోయిన బ్యాండు మేళం మొత్తం టాపు మీదే వాయించుకుంటూ రావడం చెప్పాడు. జనం పడీ పడీ నవ్వారు. చివర్లో గొంతు తగ్గించి, ఒక రాత్రి విశాఖలో ఇద్దరు అన్నదమ్ములు తండ్రిని మధ్యలో కూర్చోబెట్టుకుని బస్సెక్కారన్నాడు. నిద్రపోతున్నాడని చెప్పారట. "నిద్దర కాదని నాకు తెలిసిపోనాది. బండి కట్టించుకునే స్తోమత లేదు ఆలకి. మూడు టిక్కెట్లూ కొట్టేసేను, దుప్పటి సరిగ్గా కప్పమన్నాను. సోడవరం వచ్చే వరకూ ఆ సీటు కాసి ఎవర్నీ రానివ్వలేదు" అన్నాడు. నవ్వు ఆగిపోయింది. ఉచితంగా నడిపే పెట్టె ఎందుకో ఇంకెవరూ చెప్పనక్కరలేకపోయింది.

తరవాత నా వంతు. స్టేజీ మెట్ల దగ్గర మందుల షాపాయన చెవిలో గొణిగాడు. "ఐస్ బాక్సుకి గాజు మూత రావడంతో ఆడోళ్ళు పోయినోళ్ళ మొకం ముట్టుకోడానికి లేకపోనాదని మీరు రాసేరట. ఇయాల్టికి అదొక్కటీ వదిలీండి టీచరుగారూ." అలాగేనన్నాను. పైకెక్కి మొదటి మాటే అది చెప్పాను. నన్ను అడగవలసిన పద్ధతి అది కాదు. ఆయన నుదురు కొట్టుకోవడం పై నుంచి కనబడింది.

రంగం సంగతి చెప్పాను. తుపాన్ల సంగతి చెప్పాను. రాతకోతలు రాని ఆడవాళ్ళు ఏది మరిచిపోకూడదనుకున్నారో అది ఏడుపులో దాచారని చెప్పాను. కొందరు ఆవులించారు, అబద్ధం చెప్పను. పెట్రోమాక్స్ ఆయన తన వంతు కోసం లైటు గాజు తుడుచుకుంటున్నాడు. ఇక ఉదాహరణ ఒకటి వినిపిస్తానని కాగితం ఎత్తాను.

"రంగమెల్లి రత్నాలు తెత్తానన్నావు నా తమ్ముడో. నడిసొచ్చే దారంట నీళ్ళెవలు పోసేరు నా తమ్ముడో."

రాగమా, గీగమా? క్లాసులో హాజరు పిలిచినట్టే ఉంది. అక్కడ ఆగాలి, ఆగాను. ఇక్కడ రెండో ఆమె బదులు పలుకుతుంది అని వివరించబోయాను.

వెనక వరసల్లోంచి బదులొచ్చింది.

ఒక ముసలామె. ఎవరి వెంట వచ్చిందో గాని, కండక్టరుగారి ఉపన్యాసం సగంలోనే గోడకి ఆనుకుని నిద్రపోయింది. నా గొంతు చెవిన పడి లేచింది. ఇదేదో ఉపన్యాసమని ఆమెకి తెలియదు. మనిషి పోయారనుకుంది. "ఓలమ్మో" అని ఎత్తుకుంది, బావిలోంచి చేద పైకొచ్చినట్టు. కుర్రవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆమె కుర్చీలు పట్టుకుంటూ నడిచొస్తూ, మధ్య మధ్యలో "ఎవలమ్మా పోనారు? ఎవలు?" అని అడుగుతోంది, ఎవరి జవాబుకీ ఆగడం లేదు. పలుకుతూనే ఉంది.

ముందు ఎవరు లేచారో నేను చూడలేదు. పెట్రోమాక్స్ ఆయన భార్య కాబోలు. ఆ తరవాత ఇంకొకామె. టికెట్టు కొనుక్కుని, జడలో పూలు పెట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు. రెండు కరోనాలు దాటిన ఊరు అది. ఎవరి ఇంట్లో ఎవరు మిగిలిపోయారో, ఎవరికి ఎవరు ఏడవకుండా ఉండిపోయారో నాకెలా తెలుస్తుంది? ఒకరి మెడ ఒకరు పట్టుకున్నారు. తమ తమ వాళ్ళని పిలిచారు. మందుల షాపాయన కంగారుపడి మైకు సెట్టు కట్టెయ్యమని చెయ్యి ఊపాడు. మైకు ఒకసారి కీచుమని ఆగిపోయింది. శోకానికి మైకెందుకు?

నేను అప్ప వైపే చూస్తున్నాను. కదలకుండా కూర్చుంది. సంచి ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. ముసలామె ఆమె ముందుకొచ్చి నిలబడి, ఎవరూ లేక ఒక్కర్తీ కూర్చున్నదని కాబోలు, వంగి మెడ చుట్టూ చేతులేసింది.

అప్ప నోరు తెరిచింది.

"డ్యూటీ నుంచొచ్చి తింటానన్నావే నా తల్లో. కలిపిన ముద్ద కంచంలోనే ఉన్నాదే నా తల్లో."

ఆ గొంతు విని ఎన్నాళ్ళైంది! ఆమె ఆగింది. ముసలామె ఓలమ్మో అని పలికింది గానీ తరవాత ఆగిపోయింది. ఆ పిల్ల ఎవరో ఆమెకి తెలియదు, ఏమని పలుకుతుంది? కూతురి శోకానికి బదులు పలకవలసింది అయినవాళ్ళు. తల్లి తరవాత పిన్నే. ముసలామె తలెత్తి చుట్టూ చూసి, కాస్త కోపంగానే, "ఈ గుంటకి సుట్టాలెవలూ లేరేటమ్మా?" అంది.

నేను స్టేజీ ఎలా దిగానో నాకు గుర్తులేదు. అప్ప మెడ పట్టుకున్నాను. ఎముకలు తగిలాయి. బదులు పలకాలి. అందరూ నా నోటి వైపే చూస్తున్నట్టుంది. గంటసేపు ఏడుపు గురించి మాట్లాడినదాన్ని, ఒక్క వరస రాలేదు. రాగం గొంతు దాకా కూడా రాలేదు. చివరికి మామూలుగా, పక్కింటివాళ్ళతో చెప్పినట్టు, "నా దగ్గరికొచ్చినప్పుడల్లా కాఫీలో పంచదార చాల్లేదనేదానివి కదమ్మా" అన్నాను.

అప్ప ఒక్క క్షణం నన్ను చూసింది. నా మాటని తీసుకుంది. "పిన్నమ్మ కాఫీలోకి పంచదార చాలదంటివే నా తల్లో" అని తనే రాగంలో పెట్టింది. పెట్టి, దానికి తనే తరవాతి వరస అంది. మళ్ళీ ఆగింది, మళ్ళీ నేను వట్టి మాట ఒకటి అన్నాను. మళ్ళీ తనే దాన్ని రాగం చేసుకుంది. ఇద్దరు పలకవలసిన శోకాన్ని మా అప్ప ఒక్కతే రెండు వైపులా మోసింది. ఆ పిల్ల వానలో పుట్టడం దగ్గర్నుంచి, చెరకు గడలు మోసిన చేతులతో దానికి జడ వెయ్యడం దగ్గర్నుంచి, దూరంగా నిలబెట్టి చూపించిన మూట దాకా వచ్చింది. మూట దగ్గర గొంతు తెగిపోయింది.

పెట్రోమాక్స్ ఆయన స్టేజీ ఎక్కలేదు. నేనింకేటి సెప్తానండీ అని లైటు పట్టుకుని ఇంటికెళ్ళిపోయాడు. మందుల షాపాయన మమ్మల్ని ఆటో ఎక్కించాడు. ముసలామె మాత్రం ఆటో దాకా వచ్చి, అప్ప తల నిమిరి, "ఎప్పుడు పోనాదమ్మా?" అని అడిగింది. కరోనాలో అని చెప్పాను. "అయితే ఇప్పుడేడిసిందేటి, పాపం" అంది.

ఆ పూట అప్పని నా దగ్గరే ఉంచుకున్నాను. అన్నం పెడితే కింద కూర్చుని తింది. చారు మళ్ళీ అడిగి పోయించుకుంది. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది ఇదే కదా. సంతోషించాలి. నాకు మాత్రం, ఆమె ఆగినప్పుడల్లా నా నోట్లోంచి వచ్చిన ఆ వట్టి మాటలే చెవుల్లో ఉన్నాయి. ఎదురుగా కూర్చుని, "అప్పా, నాకు శోకం నేర్పు" అన్నాను.

ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అప్పుడు మాట్లాడింది.

"నేర్పితే వచ్చీదేటే ఇది? నేను పోయిన్నాడు దానంతటదే వస్తాది నీకు."

ఆమె చారు తాగేసింది.

"గానీ అప్పుడు నీకు బదులు పలకడానికి నేనుండను కదే సెల్లీ" అని, కంచం తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.